యాకుత్స్క్‌లో చెడ్డ కాలమంటూ లేదు

మన యాకుత్స్క్ నగరానికి ఏ కాలంలో వస్తే బాగుంటుందని లోకమంతా అడుగుతోంది. ఇదేం ప్రశ్న? ఏ కాలంలో వచ్చినా బాగుంటుంది! చెడ్డ కాలమనేదే లేని ఊరు భూమ్మీద ఏదైనా ఉందంటే అది మనదే. నమ్మనివాళ్లు ఫెవ్రోనియా గవ్రీలొవ్నాను అడిగి చూడవచ్చు.

ఫెవ్రోనియాకు నలభై నాలుగేళ్లు. ఊరి నడిబొడ్డున ఉన్న ఒక టూరిస్టు ఏజెన్సీలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఆమె పని బయటివాళ్లు రాసే ఉత్తరాలకు జవాబులివ్వడం. టోక్యో నుంచి వచ్చినా, మాస్కో నుంచి వచ్చినా, ఉత్తరంలో ఉండే ప్రశ్న అదే. మీ ఊరికి ఎప్పుడు వస్తే మంచిది?

ఏజెన్సీ యజమాని అర్కాదీ ల్వోవిచ్. ఆయన గదిలో హీటరు బాగా పనిచేస్తుంది. అందుకే ఆయనకు ఆలోచనలు ఎక్కువ. చేరిన మొదటి రోజే ఫెవ్రోనియాను పిలిచి చెప్పాడు.

"చూడండి ఫెవ్రోనియా గవ్రీలొవ్నా, దేవుడు మనకు నాలుగు కాలాలిచ్చాడు. నాలుగూ అమ్ముడుపోవాలి. ఇప్పుడొద్దు, తర్వాత రండి అన్న మాట మీ జవాబుల్లో నాకు కనబడకూడదు."

ఫెవ్రోనియా అబద్ధం రాయలేదు. ఆమెకు అబద్ధం చేతకాదు. ఉన్నదే రాసింది.

"జనవరిలో రండి. యాభై డిగ్రీల చలిలో లోహపు ఫ్రేము కళ్లజోడు ముఖానికి అతుక్కుపోతుంది కాబట్టి పోగొట్టుకునే భయం లేదు. బజారులో చేపలు కర్రల్లా బిగుసుకుని, నిటారుగా నిలబడి మీకు స్వాగతం చెబుతాయి. పొగమంచులో పదడుగుల అవతల ఏమీ కనబడదు. మనశ్శాంతికి ఇంతకంటే ఏం కావాలి?

"మే నెలలో రండి. ఏడు నెలలుగా మంచు దాచిపెట్టినవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. పురావస్తు పరిశోధకులకు ప్రత్యేకం.

"జూలైలో రండి. ఒంటరిగా వచ్చినా ఒంటరితనం ఉండదు. దోమలు విమానం మెట్ల దగ్గరికే వచ్చి కలుసుకుంటాయి. అడవులు తగలబడే రోజుల్లో సూర్యుణ్ని నల్లకళ్లజోడు లేకుండానే సూటిగా చూడవచ్చు.

"సెప్టెంబరులో రండి. బంగారు రంగు ఆకులు. తొమ్మిది రోజులుంటాయి. పదో రోజు ఉండవు."

అర్కాదీ చదివి, ఒకసారి ముక్కు గోక్కుని, "ఇందులో అబద్ధం లేదు కదా?" అన్నాడు.

"ఒక్కటీ లేదండి."

"అయితే పంపించేయండి!"

విచిత్రమేమిటంటే, జనం వచ్చారు! వచ్చి, సలసల కాగే నీళ్లు గాల్లోకి విసిరి, అవి పొగగా మారిపోతుంటే చప్పట్లు కొట్టారు. కనురెప్పల మీద మంచు పేరుకుపోయి ఆఫీసుకు పరుగెత్తుతున్న మనల్ని ఆపి ఫోటోలు తీశారు. "ఇంత చలిలో మీరెలా బతుకుతారండీ?" అని ఒకావిడ ఫెవ్రోనియానే అడిగింది. "గబగబా నడుస్తామండి," అని చెప్పి ఫెవ్రోనియా గబగబా నడిచి వెళ్లిపోయింది.

ఆ నాలుగు కాలాల జవాబుల్లో ఎక్కడా లేనిది ఒకటుంది. లేనా నది.

ఊరు ఈ గట్టున ఉంది. రైలు ఆ గట్టుకు వచ్చి ఆగిపోతుంది. మధ్యలో నది. వంతెన లేదు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు పోతాయి. వేసవిలో బళ్లనూ మనుషులనూ దాటించే పంటు నడుస్తుంది. మంచు కరిగే రోజుల్లోనూ, కొత్తగా పేరుకునే రోజుల్లోనూ అదీ ఉండదు, ఇదీ ఉండదు. గాలి దిండు మీద జారే పడవలు రెండున్నాయి. వాటికి గాలి ఎక్కువైనా పడదు, మంచు ఎగుడుదిగుడైనా పడదు.

వంతెన లేకపోవడం పెద్ద లోపమని కొందరు తొందరపాటు మనుషులు గొణుగుతూ ఉంటారు. లోపమా? ఎంత మాట! వంతెన పటం మన దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉంది. కొన్నేళ్లకోసారి దాన్ని కొత్త కాగితం మీద ఇంకా అందంగా గీస్తున్నారు. ప్రపంచంలో ఏ వంతెనకూ ఇన్ని పటాలు లేవు! అదలా ఉంచండి. వంతెనే ఉండి ఉంటే ఫెవ్రోనియా జీవితంలోకి ప్రొకోపీ వచ్చేవాడేనా?

ప్రొకోపీ నికీఫొరొవిచ్ అవతలి గట్టున మంచుదారికి కాపలాదారు. నది మీద రంధ్రాలు తొలిచి, మంచు ఎంత మందాన ఉందో కొలిచి, ఎన్ని టన్నుల బండిని వదలవచ్చో బోర్డు మీద రాయడం అతని ఉద్యోగం. మంచుదారి తెరిచి ఉన్న రోజుల్లో టూరిస్టులను దాటించాలంటే ఫెవ్రోనియా పొద్దున్నే తొమ్మిదింటికి అతనికి ఫోను చెయ్యాలి.

మొదటి చలికాలమంతా ఇద్దరి మధ్యా సెంటీమీటర్ల అంకెలే నడిచాయి.

"ఎంతండీ?"

"ఎనభై రెండు."

"సరే."

రెండో చలికాలానికి అంకె తర్వాత ఒక మాట చేరింది. "ఎనభై రెండు. మీ గొంతు బొంగురు పోయిందేమిటి?" "జలుబండీ." "వేడి పాలలో వెన్న వేసుకుని తాగండి." మూడో చలికాలానికి అంకె చివరికి జరిగిపోయింది. ఒక్కోరోజు అంకె అడగడం మరిచిపోయి, మళ్లీ ఫోను చేయాల్సి వచ్చేది.

ఒకసారి అతను పని మీద ఊళ్లోకి వచ్చి, దుప్పి తోలు బూట్లతో, చంకలో ఒక గడ్డకట్టిన తెల్లచేపతో ఏజెన్సీ గుమ్మంలో నిలబడ్డాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది. "ఫెవ్రోనియా గారంటే..." అనేసరికి గొంతును బట్టి ఆమె గుర్తుపట్టింది. ఇద్దరూ సిగ్గుపడ్డారు. చేప బల్ల మీద కరగడం మొదలుపెట్టింది.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున అతను ఫోనులో చెప్పాడు.

"నూట నాలుగు. బరువు బళ్లు కూడా పంపొచ్చు."

"రాసుకున్నాను."

"ఇంకొకటి. మనం పెళ్లి చేసుకుంటే బాగుంటుందని నాకనిపిస్తోంది."

ఫెవ్రోనియా చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఇది కూడా రాసుకోమంటారా?"

"రాసుకోండి. తొందరేం లేదు. రేపు తొమ్మిదింటికి చెప్పండి."

మర్నాడు తొమ్మిదింటికి ఆమె చెప్పింది. ఎంత చెప్పిందో ఏజెన్సీలో అందరూ విన్నారు. "ఊఁ," అంది. అంతే.

ఇప్పుడు చెప్పండి, వంతెన ఉంటే ఇలాంటివి జరుగుతాయా? వంతెన మందం ఎంతని ఎవరైనా ఎవరికైనా పొద్దున్నే ఫోను చేస్తారా? ప్రేమలు పుట్టాలంటే అడ్డంకి ఉండాలి. మన ప్రభుత్వాలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టాయి!

ఫెవ్రోనియాను పెంచింది ఆమె పెద్దమ్మ అకులీనా. డెబ్బై తొమ్మిదేళ్లు. ఆమె ఇంటి వంటగది కిటికీ నదివైపు ఉంటుంది. ఆ కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉంటుంది. నలభై ఒక్క ఏళ్ల కిందట, నవంబరు నెలలో, ఆమె భర్త సెమ్యోన్ అవతలి గట్టు నుంచి లారీలో ఇంటికి బయలుదేరాడు. మంచు పట్టి అప్పటికి రెండు వారాలే. లారీని జూన్‌లో నదిలోంచి తీశారు. ఆ తర్వాత అకులీనా నది గట్టున కాలు పెట్టలేదు.

ప్రొకోపీ సంగతి విని ఆమె టీ గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"ఊళ్లో మగాళ్లే దొరకలేదటే నీకు? ఆ నది మీద బతికేవాడే కావలసి వచ్చాడా?"

"మంచివాడు పెద్దమ్మా."

"మీ పెదనాన్న చెడ్డవాడా?"

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటలు లేవు. మూడో రోజు ముసలామె తనే షరతు పెట్టింది.

"సరే, చేసుకో. కానీ పెళ్లి ఈ ఊళ్లోనే, రిజిస్ట్రీ ఆఫీసులో, నా కళ్లముందు జరగాలి. నేను ఆ నీళ్లు దాటను. వస్తానన్న రోజున వచ్చి ఈ గట్టున నిలబడమను. నిలబడగలిగితేనే పిల్లనిస్తాను."

ఇక మిగిలింది ముహూర్తం. ఎన్నో వందల మందికి మంచి కాలం చెప్పిన ఫెవ్రోనియా క్యాలెండరు ముందేసుకుని కూర్చుంది. మార్చిలో టూరిస్టుల హడావిడి, సెలవు దొరకదు. మే నెలలో నది పగిలిపోతుంది. వేసవి దాకా ఆగడం ఇద్దరికీ ఇష్టం లేదు. చివరికి ఏప్రిల్ పదిహేడు, శనివారం మీద వేలు ఆగింది. చలి తగ్గి ఉంటుంది, దారి ఇంకా తెరిచే ఉంటుంది, దోమలు పుట్టి ఉండవు. పదకొండేళ్లలో మొదటిసారి ఆ ప్రశ్నకు తనకోసం జవాబు దొరికినట్టు ఆమె పొంగిపోయింది. రిజిస్ట్రీలో మధ్యాహ్నం రెండు గంటలకు పేర్లు రాయించారు.

సెలవు చీటీ చూసి అర్కాదీ ఆమెకంటే ఎక్కువ పొంగిపోయాడు. "ఏప్రిల్ పదిహేడా? అద్భుతం!" అన్నాడు. ఎందుకు అద్భుతమో వారం తర్వాత తెలిసింది. కొత్త టూరు కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. మాస్కో నుంచి ఏడుగురు, రైల్లో అవతలి గట్టుకు చేరతారు, జీపులో గడ్డకట్టిన నదిని దాటతారు, ఆదివారం విమానంలో వెళ్లిపోతారు. ఆ కాగితంలో ఆరో అంశం: "స్థానిక వధువును దగ్గర నుంచి చూడటం. ఫోటోలకు అనుమతి."

"అర్కాదీ ల్వోవిచ్, ఈ వధువు..."

"మీరే! ఎంత సహజంగా ఉంటుందో ఆలోచించండి. వాళ్లలో వెరోనికా అని ఒకావిడ ఉంది, పత్రికల్లో ప్రయాణాల గురించి రాస్తుంది. ఆవిడ రాసిందంటే మన ఏప్రిల్ అమ్ముడైపోయినట్టే!"

ఫెవ్రోనియా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. కోపం వచ్చింది. కానీ పెళ్లికూతురి కోపం ఎంతసేపుంటుంది?

ఏప్రిల్ పదమూడున గాలి మారింది. దక్షిణం నుంచి వెచ్చగా వీచింది. చూరుల నుంచి నీళ్లు కారాయి. ఊరు ఊరంతా టోపీలు తీసి తిరిగింది. ఫెవ్రోనియా ఒక్కతే ఆకాశంకేసి అనుమానంగా చూసింది.

పదిహేనున ఫోనులో అడిగింది. "ఎంత?"

"నూట పన్నెండు."

"అంటే గట్టిగానే ఉందిగా?"

"అంకె గట్టిగానే ఉంది," అన్నాడు ప్రొకోపీ.

ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. పదహారున మళ్లీ అడిగితే, "రాత్రికి చలి పడితే ఆగొచ్చు. గట్టు దగ్గర నీళ్లు పైకొస్తున్నాయి," అన్నాడు. ఆ రాత్రి చలి పడలేదు.

పదిహేడో తారీకు పొద్దున ఇంట్లో పదిమంది చుట్టాలున్నారు. వంటగదిలో గుర్రపు మాంసం ఉడుకుతోంది, వెన్న వేసిన జావ పొయ్యి మీద కుతకుతలాడుతోంది. అకులీనా తన తల్లి నాటి వెండి నగలు తీసి ఫెవ్రోనియా మెడలో వేస్తోంది. బరువైన నగలు. అప్పుడు ఫోను మోగింది. తొమ్మిది కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఎప్పుడూ ముందు ఫోను చేసేది ఆమే. ఈసారి అతను చేశాడు.

"దారి మూసేశాను," అన్నాడు.

ఆమె అద్దంలో తనను తాను చూసుకుంటూ నిలబడింది. "బళ్లకేనా?"

"అందరికీ."

"ఆ గాలి పడవ?"

"ఈదురుగాలి. తియ్యనంటున్నారు."

"నువ్వొక్కడివీ నడిచి రాలేవా? నీకు తెలియని మంచా అది?"

"రాగలను."

"మరి?"

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది. "అడ్డుకర్ర వేసింది నేనే కదా. ఇక్కడ నలభై మంది నిలబడి నా మొహంకేసి చూస్తున్నారు. నేను దిగితే నా అడుగుల్లో అడుగులేసి వాళ్లూ దిగుతారు. నా ఒక్కడి బరువుకి ఆగుతుంది. నలభయ్యో మనిషికి ఆగుతుందో లేదో నాకు తెలీదు."

"ఇవాళ మన పెళ్లి!"

"తెలుసు. కోటు కూడా వేసుకున్నాను."

ఆమె ఫోను పెట్టేసింది. పెట్టీ పెట్టకముందే మళ్లీ మోగింది. అర్కాదీ.

"మీ వాడికేమైనా పిచ్చి పట్టిందా? నా ఏడుగురూ అవతల నిలబడిపోయారు! రేపు వాళ్ల విమానం! మీరు చెప్పండి!"

"అతను వినడండీ."

"పెళ్లికూతురు చెబితే వినని పెళ్లికొడుకు ఉంటాడా? ఒక్క జీపు! ఒక్క జీపును వదలమనండి, అందులోనే అతన్నీ ఎక్కించుకు రమ్మంటాను. మీ పెళ్లీ అయిపోతుంది, నా టూరూ అయిపోతుంది!"

ఆ మాట ఫెవ్రోనియాను కదిలించింది. తప్పని తెలుస్తూనే ఉంది, అయినా మళ్లీ ఫోను చేసింది. ఒక్క జీపు అంది. నూట పన్నెండు సెంటీమీటర్లు అంది. పెద్దమ్మ షరతు గుర్తుచేసింది.

"నా పెళ్లికే నేను దిగడం లేదు. అర్కాదీ ల్వోవిచ్ కోసం దింపుతానా?" అన్నాడు ప్రొకోపీ నెమ్మదిగా.

"అయితే నీ నదినే కట్టుకో!" అని అరిచి ఫోనును మంచం మీదికి విసిరేసింది. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో లేచి పొయ్యి తగ్గించారు.

అకులీనా వెండి గొలుసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఏమన్నాడే?"

"మంచు బాగాలేదట. రాడట."

"పెళ్లికా?"

"పెళ్లికే!"

"వస్తానని మాటిచ్చి కూడా?"

"మాటిచ్చే, పెద్దమ్మా! నువ్వన్నదే నిజమైంది. ఇక ఆ ఎత్తిపొడుపు కూడా అనెయ్యి, వింటాను."

ముసలామె స్టూలు లాక్కుని కూర్చుంది. గొలుసు ఒళ్లో పెట్టుకుంది.

"మీ పెదనాన్న మాట తప్పేవాడు కాదు," అంది. "ఆరింటికల్లా ఇంట్లో ఉంటానన్నాడు. ఆ మంచు సంగతి ఆయనకు తెలీదా? నీ ప్రొకోపీకి తెలిసినంతా ఆయనకూ తెలుసు. నేను వంట చేసుకుని ఎదురుచూస్తానని దిగాడు. నలభై ఒక్క ఏళ్లుగా ఆయనతో నాకు ఒకటే తగువు. ఎవరడిగారయ్యా నిన్ను ఆరింటికి రమ్మని? ఏడింటికి రా. నెల పోయాక రా. కూర చల్లారిపోతే చల్లారిపోయింది!"

గొలుసు పట్టుకున్న చేతితోనే మంచం వైపు చూపించింది.

"ఇన్నేళ్లకు ఒకడు, రానని చెప్పే మగాడు కనబడ్డాడు. ఆ ఫోను తియ్యి. వీణ్ని వదిలేశావంటే నా గుమ్మం తొక్కకు."

ఫెవ్రోనియా మంచం మీద దుప్పట్లలో ఫోను వెతుక్కుంది. దొరికాక చాలాసేపు నొక్కలేకపోయింది. నొక్కితే అతను ఎత్తలేదు.

ఎత్తే స్థితిలో లేడు. అర్కాదీ ఊరుకునే మనిషా? అవతలి గట్టున ఉన్న ఒక జీపు డ్రైవరును ఫోనులో పట్టుకుని, ఆ ఏడుగురినీ ఎక్కించి, అడ్డుకర్ర పక్కనుంచి దింపమని పురమాయించాడు. జీపు రేవులోకి దిగేసరికి దారి మొదట్లో ప్రొకోపీ తన బండిని అడ్డంగా పెట్టి, దాని మీద ఎక్కి కూర్చుని ఉన్నాడు. తోలు కోటు గుండీలు తీసి ఉన్నాయి. లోపల కొత్త కోటు, టై. డ్రైవరు హారను కొట్టాడు. తిట్టాడు. బతిమాలాడు.

"దిగవయ్యా! నీ పెళ్లికే కదా పోతున్నాం!"

"నా పెళ్లి ఎక్కడికీ పోదు," అన్నాడు ప్రొకోపీ. "నువ్వే పోతావు."

ప్రయాణాల రచయిత్రి వెరోనికా జీపు దిగి అతన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసింది. స్థానిక వరుడు కాగితంలో లేడు. అదనంగా దొరికాడు.

మధ్యాహ్నం రెండైంది. రిజిస్ట్రీలో వాళ్ల పేర్లు పిలిచి, కాసేపు ఆగి, తర్వాతి జంటను పిలిచారు. మూడున్నర దాటాక, రేవుకు వంద గజాల దూరంలో, బోర్డులు పాతిన దారి మధ్యలో, మంచు పెద్దగా చప్పుడు కూడా చెయ్యకుండా కిందికి కుంగింది. రెండు లారీలు పక్కపక్కనే పట్టేంత మేర నల్లటి నీళ్లు పైకొచ్చాయి. నలభై మందీ చూశారు. జీపు డ్రైవరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఈ సంగతిని ఏ పత్రికా వార్తగా వెయ్యలేదు. ఎవరూ చావలేదు కదా! చావనివాళ్ల గురించి రాయడానికి పత్రికల్లో చోటెక్కడిది? రాసిందల్లా వెరోనికా ఒక్కతే. ఆ ఏడుగురూ రెండు రోజులు ప్రొకోపీ గదిలో నేల మీద పడుకుని, అతను చెక్కి పెట్టిన పచ్చి చేప ముక్కలు ఉప్పు కారం అద్దుకుని తిని, విమానం తప్పిపోయి, గాలి పడవలో ఇవతలికి వచ్చారు. ఆమె వ్యాసం చివరి వాక్యం ఇది: "యాకుత్స్క్‌ను చూడటానికి సరైన కాలం ఏప్రిల్ మూడో వారం." అర్కాదీ ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించాడు. వచ్చే ఏడాది టూరు కాగితంలో కొత్త అంశం చేర్చాడు: "దారి మూసుకుపోవడం. హామీ లేదు."

ప్రొకోపీ కూడా వాళ్లతోపాటే గాలి పడవ ఎక్కి రావచ్చు కదా అని మీరడుగుతారు. మూసిన దారికి కాపలా తెరిచిన దారికంటే ఎక్కువ కావాలి. మే నెల చివర్లో నది మొత్తం పగిలి, ఇళ్లంత మంచు పలకలు కొట్టుకుపోయేదాకా అతను రేవు వదల్లేదు. పొద్దున తొమ్మిదింటికి ఫోను మాత్రం మోగుతూనే ఉంది. కొలవడానికి మంచు లేదు. అయినా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఆ రోజు అరిచినందుకు ఆమె క్షమించమని అడిగితే, "ఏమరిచావు? గాలికి వినబడలేదు," అన్నాడు.

జూన్ అయిదున, శనివారం, మొదటి పంటు బయలుదేరింది. అకులీనా పొద్దున్నే లేచి, పండగ బట్టలు కట్టుకుని, "నేనూ వస్తాను," అంది.

"రిజిస్ట్రీకా?"

"రేవుకి."

ఫెవ్రోనియా ఆమె మొహంకేసి చూసి, ఇంకేమీ అడక్కుండా చెయ్యి పట్టుకుంది.

పంటు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. నీళ్లు చాలక కాదు, ఇంజను చెడిపోయి కాదు. వంతెన కట్టవలసిన చోటును చూడటానికి పైనుంచి వచ్చిన ఒక అధికారి అవతలి గట్టున భోజనం చేస్తుంటే, తెల్లవారుజాము నుంచి వరసలో ఉన్న బళ్లూ మనుషులూ ఆయన కోసం ఆగవలసి వచ్చింది. వంతెన కోసం ఆ మాత్రం ఆగలేమా?

ముందు ప్రొకోపీ దిగాడు. అదే కోటు, అదే టై. వచ్చి ముసలామె ముందు నిలబడ్డాడు. ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత అతని వెనక ఎండలో మెరుస్తున్న నీళ్లకేసి ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"ఆలస్యంగా వచ్చావు," అంది.

"నలభై తొమ్మిది రోజులమ్మా."

"మంచి పని చేశావు," అంది అకులీనా. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఫెవ్రోనియా చేతిలో పెట్టింది. పెళ్లి ఆ నిమిషానే అయిపోయినట్టు లెక్క. రెండింటికి రిజిస్ట్రీలో సంతకాలు కూడా సక్రమంగానే జరిగాయి, మీరు కంగారు పడవద్దు.

కానీ వాళ్లు రేవు దాటకముందే అర్కాదీ పరుగెత్తుకొచ్చాడు. అతని వెంట ఆ అధికారి ఉన్నాడు. చంకలో పొడుగాటి గొట్టం, అందులో పటాలు.

"మా ఫెవ్రోనియా గవ్రీలొవ్నా, సార్! మా ఊరి కాలాల గురించి ఈవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

అధికారి చిరునవ్వుతో తలాడించాడు. "చాలా అందమైన ప్రాంతమండీ. మళ్లీ రావాలంటే ఏ కాలం బాగుంటుందంటారు?"

ఫెవ్రోనియా నోరు తెరిచేలోపల పెద్దమ్మ ముందుకొచ్చింది.

"వంతెన కట్టేది మీరేనా బాబూ?"

"కట్టేది నేను కాదమ్మా. నేను పరిశీలించేవాణ్ని."

"ఇది ఎన్నోసారి?"

"నాకైతే మొదటిసారి. నా ముందున్నాయన తొమ్మిదిసార్లు పరిశీలించారు."

"ఎప్పుడూ జూన్‌లోనేనా?"

"జూన్‌లోనేనమ్మా. వాతావరణం బాగుంటుంది కదా."

"నవంబరులో రండి," అంది అకులీనా.

అధికారి నవ్వాడు. "నవంబరులో నది దాటడమెలా అమ్మా? మంచు సరిగ్గా పట్టదు, పంటు ఉండదు. ఆ గట్టుకు వెళ్లే దారే ఉండదు కదా!"

"ఉండదు. అది చూడ్డానికే రండి."

అర్కాదీ పెద్దగా దగ్గాడు. ప్రొకోపీ నేలకేసి చూశాడు. అధికారి ఒక్క క్షణం ముసలామె మొహంలోకి చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, చాలా శ్రద్ధగా ఏదో రాసుకున్నాడు. ఇన్నేళ్లకు ఒకరు విన్నారనుకుంది ఫెవ్రోనియా. ఉండబట్టలేక మెడ చాచి ఆ కాగితంలోకి తొంగిచూసింది.

"స్థానికులు హాస్యప్రియులు. తదుపరి పరిశీలన: వచ్చే జూన్."